ఆ మూడు గంటలు

మా చిన్న మామూని పాము కరిచింది వరి కోతలప్పుడు, దివిసీమలో. రక్తపింజరి. కాలు వాచిపోతుంటే పెద్దవాళ్లు పక్క ఊరి ఆమిల్ సాహెబ్ దగ్గరికి తీసుకెళ్లారు. ఆయన చదివి ఊదారు, కాలికి దారం కట్టారు. మూడు గంటలు అక్కడే పోయాయి. ఆస్పత్రికి చేరేసరికి చిగుళ్ల నుంచి ఖూన్ కారుతోంది. విషానికి సూది మందు పెట్టారు, జాన్ దక్కింది. రెండో రోజు నుంచి మూత్రం ఆగిపోయింది. మూడు వారాలు డయాలసిస్. ముమానీ కమ్మలు అప్పుడే అమ్మేశారు.

"గుర్దాలను కాపాడే దవా ఏదీ లేదా డాక్టర్ సాబ్?" అని అడిగాను. ఉన్న దవా ఆ సూదే, అది ఆలస్యమైంది అన్నారాయన. పింజరి జహర్ నెత్తురు గడ్డకట్టే శక్తిని పాడుచేస్తుంది. గుర్దాల్లోని సన్నటి నాళాలు సన్నటి గడ్డలతో మూసుకుపోతాయి, బీపీ పడిపోతుంది, జహర్ నేరుగా కూడా గుర్దాలను దెబ్బతీస్తుంది. గుర్రాల నెత్తురు నుంచి తయారయ్యే ఆ మందు ఒంట్లో తిరుగుతున్న జహర్‌ని పట్టుకుంటుంది. అప్పటికే జరిగిన నుక్సాన్‌ని మాత్రం వెనక్కి తిప్పలేదు. నొప్పి తగ్గుతుందని మెడికల్ షాపులో డైక్లోఫినాక్ కొని మింగితే గుర్దాల మీద ఇంకో దెబ్బ.

వరెస్ప్లాడిబ్ అనే మాత్ర మీద మన దేశంలోనూ, అమెరికాలోనూ పరీక్షలు జరిగాయి. అసలు అనుకున్న ఫలితం రాలేదు. కరిచిన కొద్ది గంటల్లోనే మింగినవాళ్లలో మాత్రం కొంచెం ఉమ్మీద్ కనిపించింది. చూశారా, అక్కడా వక్త్ సంగతే!

దువా చదవొద్దని నేను అనను. 108 బండిలో కూర్చుని చదవండి, ఎవరు వద్దన్నారు? ఆమిల్ సాహెబ్ మీద నాకు గుస్సా కూడా లేదు, ఆయన గుమ్మం తొక్కింది మనమే. ఒక్కటే గుజారిష్. పాము కాటుతో వచ్చినవాళ్లని ఆయనే గుమ్మం దగ్గర ఆపి "ముందు ఆస్పత్రికి పదండి" అనాలి. ఆయన మాట మా నానీ వింటారు, నా మాట వినరు. కోతలకు ముందు ఒక జుమా రోజు మసీదు మైకులో ఎలాన్ చేయించండి: కాలికి తాడు బిగించొద్దు, బ్లేడుతో కోయొద్దు, కాలు కదపనీయకుండా బండి ఎక్కించండి అని. రెండు నిమిషాల పని.

మామూ ఇప్పుడు పొలానికి బూట్లు వేసుకుని వెళ్తున్నారు. పొద్దుగూకితే ముమానీ టార్చిలైటు పట్టుకుని గట్టు దాకా ఎదురెళ్తారు.