కోతి బావకు బొమ్మ కావాలి

మన భాషలో జంతువులకు చుట్టరికాలు బోలెడు. కోతి బావ, నక్క బావ, కాకమ్మ, చిలకమ్మ! ఆఖరికి ఆకాశంలో వున్న చంద్రుణ్ణి కూడా వదలక మామను చేసుకున్నాం. ఇందులో మన పెద్దవాళ్ల తెలివి వుంది. బావ అంటే ఎగతాళి చేయడానికి హక్కున్న చుట్టం. అన్నగారిని వెక్కిరిస్తే వీపు పగులుతుంది. బావను వెక్కిరిస్తే ఇల్లంతా నవ్వుతుంది, బావతో సహా. పిల్లలకు చెప్పే జంతువుల పాటల్లో సగం హాస్యం ఆ పిలుపులోనే వుంది.

ఇంత బంధుత్వం పెట్టుకుని మా పాలమూరులో జరుగుతున్నదేమిటో చిత్తగించండి. మా పక్కింటి ఆరేళ్ల పిల్ల మొన్న సాయంత్రం అరుగు మీద కూచుని, నల్ల గొర్రె మీద ఇంగ్లీషు పాట వొకటి గడగడా వల్లిస్తున్నది. సరిగ్గా అప్పుడే కురుమవాళ్ల మంద వీధిలోంచి పోతున్నది. అన్నీ నల్ల గొర్రెలే.

“అమ్మాయీ, నీ పాటలోవి ఇవేనా?” అన్నాను.

“కాదు తాతా! ఇవి మన గొర్లు. పాటల గొర్రె వేరే!” అన్నది.

నవ్వు వచ్చింది గాని, తరువాత ఆ మాట ముల్లులా గుచ్చుకున్నది. ఈ దక్కను నల్ల గొర్రె బొచ్చుతోనే మన గొంగడి నేస్తారు. వానకూ, చలికీ, ఎండకూ అదే దిక్కుగా బతికిన జిల్లా మాది. అలాంటి గొర్రె కళ్ల ముందు నడిచిపోతూంటే, అది పాటకు పనికిరాదని పిల్ల తీర్మానించింది. మన వూరివి పాటలోకీ, బొమ్మలోకీ ఎక్కవు అనుకున్న పిల్ల, రేపు తన మాటను గురించీ అలాగే అనుకోదూ?

హాస్యానికి మొదట కావలసింది పరిచయం. ఇంగ్లండులో ఎడ్వర్డ్ లియర్ అనే ఆయన ముందు నిఖార్సయిన జంతుచిత్రకారుడు. 1832లో చిలకల బొమ్మల పుస్తకం తెచ్చాడు. ఈకకు ఈక లెక్క తప్పకుండా గీసిన చెయ్యి అది. ఆ చేతితోనే 1846లో పిల్లలకు తలా తోకా లేని పద్యాలూ, వంకర బొమ్మలూ ఇచ్చాడు. తిన్నగా చూసినవాడికే వంకర తిప్పడం చేతనవును. బెంగాలులో సుకుమార్ రాయ్ ‘ఆబోల్ తాబోల్’లో బాతునూ ముళ్లపందినీ అతికించి వొకే జంతువును చేసి, బొమ్మ కూడా తానే వేశాడు. 1923లో ఆ పుస్తకం అచ్చయి వచ్చేసరికి ఆయన లేడు. బెంగాలీ పిల్లలు ఇంకా నవ్వుతూనే వున్నారు.

మనకూ జంతువులకు కరువా? నల్లమలలో ఎలుగుబంటి వుంది. యాదగిరిగుట్టలో కొబ్బరిచిప్ప కోసం కాచుకున్న కోతి వుంది. నల్లగొండ రాళ్లగుట్టల మీద మేక వుంది. మేక మీద నేనే వొకటి అల్లి పక్కింటి పిల్లకు వినిపించాను:

మేక బావ మిద్దె మీద
మేత వెతక పోయెనంట
ఆకు లేక తాత రాసు
కున్న లెక్కలన్ని మేసె!

తెల్లవారి ‘మే’ అనంగ
తాత నవ్వి అడిగెనంట:
“మే దొరికెను, జూను పద్దు
ఎక్కడోయి మేక బావ?”

పిల్ల పడీ పడీ నవ్వి, బలపం అందుకుని బొమ్మ వేసింది. మేక నోట్లోంచి కాగితం కొస వేలాడుతున్నది. దాని మీద ‘జూ’ అని వొక్క అక్షరం! జూను పద్దు ఎక్కడుందో పద్యంలో నేను చెప్పలేదు. బొమ్మ చెప్పింది. పాటకు బొమ్మ ఎందుకంటే ఇందుకే. పాట సగం నవ్విస్తే, మిగతా సగం బొమ్మ నవ్వించాలి.

1945లో న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతుల ‘బాల’, 1947లో ‘చందమామ’ మద్రాసు నుంచి వచ్చి తెలుగు పిల్లలకు బొమ్మల లోకం చూపించాయి. ఇప్పుడవి రావడం లేదు. అయినా అవ్వల నోళ్లు మూతపడలేదు. తెలంగాణాలో కవులే లేరని ఎవరో అంటే, మా జిల్లా ఇటికాలపాడుకు చెందిన సురవరం ప్రతాపరెడ్డిగారు వాదించలేదు. 1934లో 354 మంది కవుల పద్యాలు ‘గోలకొండ కవుల సంచిక’గా అచ్చువేసి ఎదుట పెట్టారు. జవాబంటే అలా వుండాలి.

పాత మహబూబ్‌నగరు, నల్లగొండ జిల్లాలు 2016 తరువాత ఎన్ని ముక్కలైనా, అవ్వల పాటలు ముక్కలు కాలేదు. ఈ ఆదివారం మీ ఇంట్లో అవ్వను కోతి మీదో, కాకి మీదో వొక పాట పాడమనండి. మీరు రాసుకోండి. బొమ్మ మాత్రం మీరు వెయ్యకండి, పిల్ల చేతికి బలపం ఇవ్వండి. కోతికి తోక రెండు మూరలు ఎక్కువైనా దిద్దకండి. బావ ఏమీ అనుకోడు.