గుండెకొక గడియకుడుక

మా నాన్నగారి నాటి వాల్వు రేడియో ఒకటి అటకమీద పడివున్నది. మొన్న సంక్రాంతికి ఇల్లు దులుపుతూంటే మా అమ్మ కంట పడింది. "ఒక్కసారి పలికించరా" అన్నది. ప్లగ్గు పెట్టాను. పాట రాలేదు సరికదా, తేనెపట్టు కదిలించినట్లు ఒకటే రొద. ముల్లు ఎటు తిప్పినా అదే రొద.

తెలుగు పాఠం చెప్పుకునేవాడికి రేడియో మరమ్మతు ఏం తెలుస్తుంది? మా వీధి చివర ఒక పెద్దాయన వున్నారు. ఇప్పుడాయన బతుకుతెరువు సెల్‌ఫోన్లే గాని, చెయ్యి తిరిగింది వాల్వు రేడియోలమీద. ఆయన వచ్చి, ఇన్నేళ్లు మూలపడ్డ పెట్టెకు ఒక్కసారిగా కరెంటు ఇచ్చినందుకు ముందు నన్ను చీవాట్లు పెట్టి, వెనక అట్ట విప్పారు. లోపల బూజు దులుపుదామని నేను చెయ్యి పెట్టబోతే, చటుక్కున మణికట్టు పట్టుకున్నారు.

"ప్లగ్గు పీకేశాను కదండీ!" అన్నాను.

"ప్లగ్గు పీకారు మాస్టారూ, కండెన్సరు ఖాళీ చేశారా?"

చేయలేదు. కండెన్సరంటే విద్యుత్తు నింపుకునే చిన్న కుండ. నేటి పుస్తకాలలో దాన్ని కెపాసిటరంటున్నారు. ఇలాంటి రేడియోలో అది 250 వోల్టులు పట్టుకుని, కరెంటు తీసేసిన తరవాత కూడా నిమ్మకు నీరెత్తినట్లు కూర్చుని వుంటుందట. 1746లో హాలండులోని లైడెన్ పట్నంలో ముషెన్‌బ్రూక్ అనే పండితుడికి కూడా సీసాలో దాగిన విద్యుత్తు ఇలాగే దిమ్మ తిరిగేట్టు బుద్ధి చెప్పింది. మన పెద్దాయన ఒక రెసిస్టరు తీసి, పిడి వున్న తీగెలతో దాన్ని కండెన్సరు రెండు కొసలకూ ఆనించి, కొన్ని క్షణాలు పట్టుకున్నారు. "ఇక దులుపుకోండి" అన్నారు.

రెసిస్టరంటే కరెంటును నిదానించేది. నీళ్ల గొట్టానికి సన్నని మూతి లాంటిది. ఇదీ కండెన్సరూ జతకూడితే జరిగే తమాషా నాకు పెద్దాయన చెప్పినదానికంటె మా తాతల ముచ్చటవల్లే బాగా అర్థమయింది. పూర్వం పెళ్లిళ్లలో ముహూర్తానికి గడియకుడుక వాడేవారు. అడుగున సన్నని బెజ్జం వున్న రాగిగిన్నెను నీళ్లమీద వదిలితే, మెల్లగా నిండి, సరిగ్గా ఒక గడియకు, అంటే 24 నిమిషాలకు, మునిగేది. గిన్నె పెద్దదైనా, బెజ్జం చిన్నదైనా ఆలస్యం పెరుగుతుంది. ఇక్కడ గిన్నె కండెన్సరు, బెజ్జం రెసిస్టరు. (ఘటం నుంచి ఘటిక, ఘటిక నుంచి గడియ, గడియ నుంచి గడియారం. పాఠం చెప్పే అలవాటు పోదు, మన్నించాలి.) లెక్క కూడా సులువే. 10 లక్షల ఓముల రెసిస్టరుకు ఒక మైక్రోఫారడ్ కండెన్సరు జతచేస్తే ఒక్క సెకనులో అది నూటికి 63 పాళ్లు నిండుతుంది. అయిదు సెకన్లకు దాదాపు పూర్తిగా.

మా రేడియో రొదకు మూలం కూడా ఈ జంటే. గోడలోంచి వచ్చే కరెంటు సెకనుకు 50 మార్లు అటూ ఇటూ వూగుతుంది. దాన్ని ఒక దిక్కుకు తిప్పినా, సెకనుకు 100 మార్లు లేచిపడే అలగానే వుంటుంది. కండెన్సరు అల లేచినప్పుడు నింపుకుని, పడినప్పుడు పోసి, రెసిస్టరు తోడుతో ఆ అలను చదును చేయాలి. మాది ఎండిపోయింది, అల కాస్తా స్పీకరులోకి వచ్చి పడింది. ఈ జంటే ఒక వాల్వు నుంచి ఇంకొక వాల్వుకు పాటను మాత్రం పంపి, వెనకనున్న నిలకడ వోల్టేజీని గుమ్మంలోనే ఆపుతుంది. 'టోను' మర తిప్పితే కీచుగొంతు మెత్తబడటమూ దీని పుణ్యమే. కొత్త కంప్యూటర్లలో కూడా స్విచ్చి వేసిన వెంటనే, లోపల కరెంటు నిలదొక్కుకునేదాకా పని మొదలుకాకుండా ఒక్క రవ్వ ఆపటానికి చాలాచోట్ల దీన్నే కాపలా పెడతారు.

కాని నన్ను నిలవేసి కూర్చోబెట్టిన సంగతి వేరు. మా అమ్మకు నిరుడు గుండె నెమ్మదించి, ఎడమ భుజంకింద పేస్‌మేకరు అమర్చారు. ఆ సాధనం చరిత్రలో ఒక తప్పు రెసిస్టరు కథ వున్నది.

అమెరికాలోని బఫెలో నగరంలో విల్సన్ గ్రేట్‌బాచ్ అనే ఇంజనీరు గుండెచప్పుళ్లను నమోదుచేసే యంత్రం ఒకటి కడుతున్నాడు. 10 వేల ఓముల రెసిస్టరు కావాలి. దానిమీద గోధుమ, నలుపు, నారింజ రంగుల పట్టీలుంటాయి. ఆయన చేతికి వచ్చింది గోధుమ, నలుపు, ఆకుపచ్చ. అంటే 10 లక్షల ఓములు. ఒక్క పట్టీ రంగు మారేసరికి బెజ్జం నూరురెట్లు సన్నబడింది. యంత్రం ఒక్కసారి కొట్టింది, సెకనుసేపు ఊరకున్నది, మళ్లీ కొట్టింది. ఇంకొకరైతే రెసిస్టరు పీకి పారేసేవారే. ఆయన మాత్రం అది గుండె నడకని గుర్తుపట్టాడు. 1958 మే 7న డాక్టర్ చార్డాక్ బృందం ఆ మాదిరి సాధనంతో ఒక కుక్క గుండెను నడిపించింది; 1960లో మనుషులకు అమర్చారు. ఈలోపల 1958 అక్టోబరులోనే స్వీడనులో మరొక సాధనాన్ని మనిషికి అమర్చారు. అది కొన్ని గంటలకే ఆగిపోయినా, ఆ రోగి సాధనాలు మార్చుకుంటూ 2001 దాకా బతికాడు.

ఇప్పటి పేస్‌మేకర్లలో కాలం లెక్కపెట్టేది క్వార్ట్జు స్ఫటికం. అయినా దెబ్బ కొట్టేది కండెన్సరే. దెబ్బదెబ్బకూ నిండి, వెయ్యోవంతు సెకనులో సుమారు సగంసేపు తీగెవెంట గుండెలోకి ఒలుకుతుంది. అక్కడ రెసిస్టరు పనిచేసేది గుండె కండరమే, అయిదువందల ఓములు అటూ ఇటూగా. నాకీ సంగతి తెలిసిన రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు.

కొత్త కండెన్సర్లు వేశాక రొద పోయింది. మీడియం వేవుమీద పాట ఒకటి అందింది. అమ్మ కాసేపు విని అడిగింది:

"ప్లగ్గు పీకినా పెట్టెలో కరెంటు వుంటుందన్నాడు కదరా ఆయన. మరి నాలోది ఆగిపోతే, అలాగే కొంచెంసేపు వుంటుందా?"

అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "వుండదమ్మా, అది ఒక్కొక్క దెబ్బకు సరిపడానే నింపుకుంటుంది. నిలవంతా బ్యాటరీలో. అది అయిపోవస్తూంటే నెలల ముందుగానే డాక్టరుగారి పరీక్షలో తెలిసిపోతుంది" అన్నాను.

"అయితే వచ్చే నెల పరీక్ష తేదీ మరిచిపోకు" అని, టోను మర కొంచెం తిప్పి, మళ్లీ పాటలో పడింది.