తుపాకీపై మత వేదికలు నోరు విప్పాలి

న్యాల్‌కల్ మండల జనానికి బీదర్ పరాయి రాష్ట్రపు పట్టణం కాదు. ఆసుపత్రికి, అంగడికి, పెళ్లి బట్టలకు పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చే ఊరు. 2025 జనవరి 16న ఆ పట్టణం నడిబొడ్డున, స్టేట్ బ్యాంకు ఎదుట, పట్టపగలు ఏటీఎంల నగదు తీసుకెళ్లే వాహనం దగ్గర బైకు మీద వచ్చిన ఇద్దరు కాల్పులు జరిపారు. కాపలా సిబ్బందిలో ఒకరు ప్రాణాలు కోల్పోయారు. నగదు పెట్టెతో పారిపోయిన ఆ దుండగులు అదే సాయంత్రం హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో ఒక ట్రావెల్స్ ఉద్యోగిపైనా తూటా పేల్చారు. తుపాకీ గొడవ అమెరికాదో అడవులదో, మనకెందుకని ఊరుకునే రోజులు పోయాయి.

నేరస్థుణ్ని పట్టుకోవడం పోలీసుల పని. తుపాకీ చేతిలో ఉంటే గొప్ప, వెంట గన్‌మెన్ తిరిగితేనే నాయకుడు అన్న భ్రమను పోగొట్టడం మాత్రం పోలీసుల వల్ల అయ్యేది కాదు. అది నలుగురూ గౌరవించే నోటి నుంచి రావాలి. మన పల్లెల్లో ఆ గౌరవం ఇప్పటికీ గుడి పూజారికి, మసీదు ఇమాముకు, చర్చి పాస్టరుకు ఉంది. తాగుడు మానమని, కట్నం అడగవద్దని చెబుతున్న ఈ వేదికలు తుపాకీ విషయంలోనూ అంతే గట్టిగా మాట్లాడాలి. ఇది రాజకీయం, మనకు సంబంధం లేదని తప్పుకోవడం ధర్మం కాదు.

చెప్పడానికి వారికి సరుకు కొరత లేదు. యుద్ధం తప్పదని తెలిసినా శ్రీకృష్ణుడు నిండు సభకు రాయబారం వెళ్లాడు, అయిదూళ్లిస్తే చాలన్నాడు. ఆ ఘట్టాన్ని పద్యనాటకాల్లో తెల్లవార్లూ చూసిన తాతలు మన పల్లెల్లో ఉన్నారు. తనను బంధించడానికి వచ్చినవారిపై శిష్యుడు కత్తి దూస్తే, ఒరలో పెట్టమని ఆజ్ఞాపించి, తెగిన చెవిని బాగుచేశాడు ఏసుక్రీస్తు. 2019 మార్చి 15న న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో రెండు మసీదులపై ఓ జాత్యహంకారి జరిపిన కాల్పుల్లో 51 మంది చనిపోయారు. వారిలో మన హైదరాబాద్, కరీంనగర్‌ల నుంచి వెళ్లినవారూ ఉన్నారు. ఆ కాల్పుల్లో భార్య హుస్నాను పోగొట్టుకున్న ఫరీద్ అహ్మద్, తన చక్రాల కుర్చీలోంచే, హంతకుణ్ని క్షమిస్తున్నానని ప్రకటించారు. అలాగని ఆ దేశం ప్రార్థనలతో సరిపెట్టుకోలేదు. నెల తిరగకుండానే ప్రమాదకరమైన సెమీ ఆటోమేటిక్ తుపాకులను నిషేధించింది. పార్లమెంటులో ఆ బిల్లుకు అనుకూలంగా 119 ఓట్లు పడితే, వ్యతిరేకంగా పడింది ఒక్కటే. క్షమించిన మనిషీ, చట్టం తెచ్చిన సభా ఒకరికొకరు అడ్డు రాలేదు. దేవుడి మీద భారం వేసి ఊరుకుందాం అనేవారికి ఇదే మా జవాబు.

అయితే ఎలా చెబుతున్నామన్నదీ ధర్మాధర్మాల విషయమే. నెత్తుటి మడుగుల వీడియోలను వాట్సాప్‌లో తిప్పి జనాన్ని బెదరగొట్టడం నచ్చజెప్పడం కాదు. ఫలానా మతంవాళ్లే తుపాకులు పడతారని ఎక్కించడం అంతకన్నా పాపం. అది రేపటి తూటాకు ఈ రోజే మందు కూరడం. మన వాదనకు పనికొచ్చే నిజం చెప్పి, పనికిరాని నిజం దాచడమూ తప్పే. అమెరికాలో 2023లో తుపాకులకు బలైనవారు 46 వేలకు పైగా ఉంటే, అందులో సగానికి మించి ఆత్మహత్యలు. పిల్లలను అక్కడికి పంపిన తల్లిదండ్రులకు పరాయివాడి తూటా గురించి చెప్పే ప్రవచనకర్త ఈ లెక్కా చెప్పాలి. ఒంటరితనంలో ఉన్న బిడ్డకు రోజూ ఫోన్ చేయమనీ చెప్పాలి.

ఎలా నచ్చజెప్పాలో సునయన దుమాలను చూసి నేర్చుకోవచ్చు. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్‌ రాష్ట్రం ఒలేత్‌లో ఆమె భర్త, ఇంజినీరు శ్రీనివాస్ కూచిభొట్లను ఓ మాజీ నౌకాదళ ఉద్యోగి కాల్చి చంపాడు. మా దేశం నుంచి వెళ్లిపొమ్మని అరుస్తూ, ఇరాన్ దేశస్థుడనుకుని చంపాడు. ఆపబోయిన ఇయాన్ గ్రిలట్ అనే స్థానిక యువకుడికీ తూటా తగిలింది. ఆ దుఃఖంలో కూడా సునయన ఒక జాతినంతటినీ శపించలేదు. మేమిక్కడివాళ్లం అవునా కాదా అని సూటిగా అడిగారు. 'ఫరెవర్ వెల్‌కమ్' పేరుతో వలస వచ్చినవారి కథలను ఇరుగుపొరుగుకు వినిపించే పని పెట్టుకున్నారు. సొంత గాయాన్ని ఎవరిపైనా ఆయుధంగా విసరకుండా, ఉన్నది ఉన్నట్టు చెప్పడంలోనే ఆమె మాటకు బలం ఉంది.

ఇంకో మాట కూడా దాచకూడదు. తెలంగాణలో ఒకప్పుడు రైతులు తుపాకీ పట్టింది సరదాకు కాదు. వెట్టి మీద, భూమి మీద చేసిన మొర దొరలకు వినపడనప్పుడు పట్టారు. మొర వినే చెవి ఉంటే ఏమవుతుందో కూడా ఈ నేలే చూపింది. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో దళితులు సాగుభూమి అడిగితే, వినోబా భావే ఊరి ముందు ఆ ప్రశ్న పెట్టారు. వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానన్నారు. బక్కవాడికి శాంతి బోధించి, బలిసినవాడి దగ్గర చందా పుచ్చుకుని ఊరుకునే వేదికకు అలా అడిగే నైతిక బలం రాదు. నక్సలైట్లకు, ప్రభుత్వానికి మధ్య నిలబడిన ఎస్.ఆర్.శంకరన్ ఎన్‌కౌంటర్లను, నక్సలైట్ల హత్యలను రెండింటినీ తప్పుబట్టారు. 2004 అక్టోబరులో హైదరాబాద్‌లో జరిగిన చర్చలు నిలవలేదు. కానీ శంకరన్ ఇరుపక్షాలకూ చేదైన మాటనే చెప్పారన్నది చెరిగిపోలేదు.

న్యాల్‌కల్ పీర్ గైబ్ సాహెబ్ ఉర్సుకు హిందువులూ ముస్లింలూ కలిసే వస్తారు. ఇలాంటి ఉర్సుల్లో, జాతరల్లో ఏ బొమ్మల దుకాణం చూసినా ట్రిగ్గర్ నొక్కితే ఎర్రలైటు వెలిగి టపటపమనే ప్లాస్టిక్ తుపాకులు దారానికి వేలాడుతుంటాయి. కొనిపించుకున్న పిల్లవాడు మొదట గురిపెట్టేది చెల్లెలి నుదుటికే. పక్కనున్న పెద్దలు నవ్వుతారు. దుకాణం మూయించమని మేం అనడం లేదు. అతనిదీ పొట్టకూటి బేరమే. ఆ తండ్రి భుజం మీద చెయ్యి వేసి రెండు మాటలు చెప్పే పెద్దమనిషి ఒకరు అక్కడుండాలి.

కమిటీలు చేయాల్సిన పని ఇంకా స్పష్టం. ఊరేగింపులోకి, ప్రాంగణంలోకి ప్రైవేటు ఆయుధాన్ని రానిచ్చేది లేదని ముందే ప్రకటించాలి. ఆ ఆయుధం మోసేవాడు పెద్ద చందా ఇచ్చినవాడైనా సరే. సంబరాల్లో గాలిలోకి నిర్లక్ష్యంగా కాల్పులు జరిపితే రెండేళ్ల దాకా జైలు అని 2019లో సవరించిన ఆయుధాల చట్టం చెబుతోంది; ఆ సంగతిని మైకులో చదివి వినిపించాలి. న్యాల్‌కల్, జహీరాబాద్ ప్రాంతంలోని ఇమాములకు, పూజారులకు, పాస్టర్లకు మా విన్నపం: ఈ శుక్రవారం ఖుత్బాలో, శనివారం భజనలో, ఆదివారం ఆరాధనలో పది నిమిషాలు దీనికి కేటాయించండి. బీదర్‌లో కూలిన ఆ కాపలాదారుడి కుటుంబం కోసం ప్రార్థించండి. ఆ వెంటనే మీ ముందు కూర్చున్న కుర్రాళ్లతో తుపాకీ గురించి నేరుగా మాట్లాడండి.