పిల్లికూతలకు లెక్కేదీ?

* ఉబ్బసంపై దేశదేశాల ఉమ్మడి పరిశోధన
* జాతీయ అధ్యయనాల్లో పులికాట్ తీరానికి దక్కని చోటు
* చుట్టూ శాస్త్ర సంస్థలున్నా కొరవడిన సమన్వయం

పులికాట్ (తిరుపతి జిల్లా): పులికాట్ సరస్సులో ఎన్ని రాజహంసలు వాలాయో, నేలపట్టులో ఎన్ని గూడబాతులు గూళ్లు కట్టాయో ఏటా లెక్క తీస్తారు. ఎగుమతయ్యే రొయ్యలకూ లెక్క ఉంది. అదే తీరంలో ఎందరు పిల్లలు రాత్రివేళ పిల్లికూతలతో, ఆయాసంతో నిద్ర లేస్తున్నారన్న ప్రశ్నకు మాత్రం దేశంలో జరిగిన పెద్ద అధ్యయనాల్లో సమాధానం దొరకదు. ఉబ్బసం, అలర్జీలపై ప్రపంచ శాస్త్రవేత్తలు మూడు దశాబ్దాలకు పైగా ఉమ్మడిగా పరిశోధన సాగిస్తున్నారు. ఆ పటంలో ఈ తీరం ఇంకా చేరలేదు.

దీనివల్ల జరిగే నష్టం చిన్నది కాదు. 2019 నాటి అంచనాల ప్రకారం దేశంలో సుమారు 3.43 కోట్ల మంది ఉబ్బస రోగులున్నారు. ప్రపంచ రోగుల్లో మన వాటా 13 శాతం కాగా, ఉబ్బస మరణాల్లో మాత్రం 42 శాతం. ఇతర దేశాలలో అదుపులో ఉంటున్న జబ్బు ఇక్కడ ప్రాణాలు తీస్తోందంటే లోపం గుర్తింపులోను, చికిత్సలోను ఉన్నట్లే.

ఒకే ప్రశ్నపత్రం.. వందకుపైగా దేశాలు

ఉబ్బసాన్ని లెక్కించడం సులువు కాదు. ఒక వైద్యుడు ఉబ్బసమన్నదాన్ని మరొకరు దగ్గు అంటారు, ఇంకొకరు నెమ్ము అంటారు. ఊరూరికీ కొలత మారితే పోలికకు విలువ ఉండదు. ఈ చిక్కును విడదీసేందుకే న్యూజిలాండ్‌లోని ఆక్లండ్, జర్మనీలోని బోకమ్ పరిశోధకుల చొరవతో 1991లో బాల్య ఉబ్బసం, అలర్జీల అంతర్జాతీయ అధ్యయనం రూపుదిద్దుకొంది. సంక్షిప్తంగా దీన్ని ఐజాక్ అంటారు. 6-7 ఏళ్లు, 13-14 ఏళ్ల పిల్లలను పాఠశాలల్లో ఒకే ప్రశ్నపత్రంతో పలకరించడం దీని పద్ధతి. భాషాభేదం అడ్డు కాకుండా 13-14 ఏళ్ల వారికి ఆయాసపడే పిల్లల దృశ్యాలను వీడియోలో చూపి 'నీకెప్పుడైనా ఇలా అయిందా?' అని అడిగే ఏర్పాటు కూడా చేశారు.

1998లో వెలువడిన తొలి ఫలితాలు నిపుణులనే ఆశ్చర్యపరిచాయి. 56 దేశాలు, 155 కేంద్రాల్లో 13-14 ఏళ్ల పిల్లలే 4,63,801 మంది పాల్గొన్నారు. ఉబ్బసం, ముక్కు అలర్జీ, గజ్జి తరహా చర్మ అలర్జీ లక్షణాల్లో ఒక కేంద్రానికి, మరో కేంద్రానికి 20 నుంచి 60 రెట్ల వరకు తేడా బయటపడింది. గాలి స్వచ్ఛంగా ఉండే న్యూజిలాండ్‌లో ఉబ్బసం ఎక్కువగా, పొగ కమ్మిన చైనా నగరాల్లో తక్కువగా కనిపించింది. కాలుష్యం ఒక్కటే కారణమన్న భావనను ఇది ప్రశ్నార్థకం చేసింది. మద్రాసు, కొట్టాయం వంటి మన కేంద్రాలూ అందులో పాలుపంచుకొన్నాయి. ఐజాక్ ముగిసేనాటికి వందకు పైగా దేశాల్లో దాదాపు 20 లక్షల మంది పిల్లల సమాచారం పోగయింది. 2012లో ఏర్పడిన గ్లోబల్ ఆస్తమా నెట్‌వర్క్ ఆ బాధ్యతను అందుకొంది.

పదిమందిలో ఎనిమిది మందికి రోగమే తెలియదు

ఆ నెట్‌వర్క్ భారత విభాగం ఫలితాలు 2022లో వెలువడ్డాయి. పిల్లలు, తల్లిదండ్రులు కలిపి సుమారు 1.27 లక్షల మందిని ప్రశ్నించారు. ఏడాది కాలంలో పిల్లికూతలు వచ్చినవారు మూడు శాతానికి పైగా ఉన్నారు. అసలు ఆందోళన కలిగించే అంశం వేరే ఉంది. పిల్లికూతలున్న వారిలో 82 శాతం మందికి, తీవ్ర లక్షణాలున్న వారిలోనూ 70 శాతం మందికి తమది ఉబ్బసమని ఏ వైద్యుడూ నిర్ధారించలేదు. పిల్లికూతలున్న వారిలో రోజూ పీల్చే స్టెరాయిడ్ మందు వాడేవారు 2.5 శాతం లోపే.

అధ్యయనం జరిగిన తొమ్మిది కేంద్రాలు: ఢిల్లీ, చండీగఢ్, జైపుర్, బికనీర్, కొట్టాయం, లఖ్‌నవూ, కోల్‌కతా, పుణె, మైసూరు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచి ఒక్కటీ లేదు. అంతకుముందు 2012లో ప్రచురితమైన మరో జాతీయ అధ్యయనంలో 15 ఏళ్లు దాటిన 1,69,575 మందిని పరిశీలించి, 2.05 శాతం మందికి ఉబ్బసం ఉన్నట్లు తేల్చారు. అందులో సికింద్రాబాద్‌కు చోటు దక్కింది. ఉప్పునీటి సరస్సు చుట్టూ ఉన్న గ్రామాలకు మాత్రం ఆ అవకాశం రాలేదు.

ఏళ్ల తరబడి వెంట నడిస్తేనే..

ఒకసారి లెక్క తీయడం ఒక ఎత్తు. పుట్టుక నుంచి వెంట నడవడం మరో ఎత్తు. అమెరికాలోని టక్సన్‌లో 1980-84 మధ్య పుట్టిన 1,246 మంది శిశువులను పరిశోధకులు ఏళ్ల తరబడి గమనించారు. మూడేళ్లలోపు పిల్లికూతలు వచ్చిన వారిలో అత్యధికులకు ఆరేళ్లు వచ్చేసరికి అవి తగ్గిపోయాయని 1995లో ప్రకటించారు. పసివారి ఆయాసమంతా ఉబ్బసం కాదని వైద్యులు ధైర్యంగా చెప్పగలుగుతున్నారంటే ఆ ఓపికే కారణం. న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో 1972-73లో పుట్టినవారిని అనుసరించిన అధ్యయనం మరో కోణం చూపింది. చిన్నతనంలో మొదలైన పిల్లికూతలు ప్రతి నలుగురిలో ఒకరికి పైగా 26 ఏళ్ల వయసుదాకా కొనసాగడమో, తగ్గి తిరగబెట్టడమో జరిగిందని 2003లో వెల్లడించింది. పెద్దయితే అదే పోతుందిలే అనుకొనే తల్లిదండ్రులు ఈ రెండు ఫలితాలనూ కలిపి చూడాలి.

ఇలాంటి ఓపిక తెలుగునేలకు కొత్త కాదు. హైదరాబాద్ సమీపంలోని 29 గ్రామాల్లో 1987-90 మధ్య గర్భిణులకు, చిన్నారులకు అంగన్‌వాడీ పౌష్టికాహారం ఫలితాన్ని జాతీయ పోషకాహార సంస్థ పరిశీలించింది. ఆ పిల్లలనే 2003-05లో వెతికి పట్టుకొని మళ్లీ పరీక్షించారు. ఆహారం అందిన గ్రామాల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తు పెరిగినట్లు, మధుమేహానికి దారితీసే లక్షణాలు వారిలో తక్కువగా ఉన్నట్లు 2008లో తేలింది. లండన్, బ్రిస్టల్ విశ్వవిద్యాలయాల భాగస్వామ్యంతో ఈ పరిశోధన తల్లిదండ్రులకూ విస్తరించింది. తర్వాత బార్సిలోనా పరిశోధకులు చేయి కలిపి గాలిలోని ధూళిని కూడా కొలిచారు. గుండెజబ్బులు, మధుమేహమే దాని ప్రధాన లక్ష్యాలు. ఆ పద్ధతి మాత్రం ఊపిరితిత్తుల జబ్బులకూ పనికొస్తుంది.

ఈ తీరం అడిగే ప్రశ్నలు

పులికాట్ పరిసరాల్లో శాస్త్రవేత్తలను ఆకర్షించే ప్రశ్నలకు కొదవ లేదు. మొదటిది రొయ్య. రొయ్య, పీతల్లోని ట్రోపోమయోసిన్ అనే మాంసకృత్తి అలర్జీకి ప్రధాన కారకం. ఇంటి దుమ్ములోని సూక్ష్మ పురుగుల్లోనూ, బొద్దింకల్లోనూ దాన్ని పోలినదే ఉంటుంది. రొయ్యలు, పీతలు శుద్ధిచేసే పరిశ్రమల కార్మికుల్లో 4 నుంచి 36 శాతం వరకు వృత్తిపరమైన ఉబ్బసం ఉన్నట్లు వివిధ దేశాల పరిశోధనలు చెబుతున్నాయి. తలలు తీసే పనిలో, ఎండురొయ్యల ఆరబోతలో ఉన్న మన మహిళల పరిస్థితి ఏమిటన్నది తేల్చాల్సిన విషయం.

రెండోది సర్కారు తుమ్మ. 1870లలో కడప జిల్లా కమలాపురం ప్రాంతంలో నాటిన ఈ విదేశీ చెట్టు నేడు సరస్సు గట్ల వెంబడి దట్టంగా అల్లుకొంది. దీని పుప్పొడి అలర్జీ కలిగిస్తుందని మన దేశ పరిశోధనల్లోనే నిర్ధారణ అయింది. పొయ్యిలోకి కట్టెగానూ ఇదే చేరుతుంది. అంటే పూత కాలంలో పుప్పొడి, ఏడాది పొడవునా పొగ.

మూడోది పల్లె జీవనం. పశువుల మధ్య పెరిగే పిల్లల్లో ఉబ్బసం తక్కువని ఐరోపా పరిశోధనలు చెప్పాయి. అమెరికాలో గుర్రాలతో, పాత పద్ధతిలో సేద్యం చేసే అమిష్ కుటుంబాల పిల్లల్లో 5.2 శాతం, యంత్రసేద్యం చేసే హటరైట్ కుటుంబాల పిల్లల్లో 21.3 శాతం ఉబ్బసం ఉన్నట్లు 2016లో ప్రచురించిన అధ్యయనం పేర్కొంది. పాలెంలోని పశువుల కొట్టం రక్షణ ఇస్తోందా, పొయ్యి పొగ ఆ మేలును హరిస్తోందా అన్నది ఇక్కడ కొలిస్తేనే తెలుస్తుంది.

ఊహలను నమ్మి ముందుకు పోరాదనడానికి పొరుగు రాష్ట్రమే నిదర్శనం. తమిళనాడులోని విల్లుపురం, నాగపట్టినం జిల్లాలతో పాటు గ్వాటెమాలా, పెరూ, రువాండాల్లో 3,200 మంది గర్భిణులను ఎంచుకొని, వారిలో సగం మందికి వంటగ్యాస్ ఉచితంగా ఇచ్చి గమనించారు. వారు పీల్చే పొగ బాగా తగ్గింది. అయినా శిశువుల బరువులో, తీవ్ర న్యుమోనియాలో చెప్పుకోదగిన తేడా రాలేదని 2022, 2024లలో ప్రకటించారు. గ్యాస్ వద్దని దీని అర్థం కాదు. ఎప్పటినుంచి, ఎంతకాలం పొగ తగ్గిస్తే ఎంత ఫలితమో తేలాలంటే మరింత దీర్ఘకాల పరిశీలన అవసరమని మాత్రమే.

పరీక్షల విషయంలోనూ జాగ్రత్త వహించాలి. ఐరోపా పరిశోధకులతో కలిసి కర్ణాటకలో జరిపిన అధ్యయనంలో 26.5 శాతం పెద్దల రక్తంలో ఆహార అలర్జీ సూచికలు కనిపించాయి. నిజంగా అలర్జీ ఉండే అవకాశమున్నవారు 1.2 శాతమే. రక్తపరీక్ష కాగితం చూసి చేపలు, గుడ్లు మానేసే ముందు ఈ తేడాను గుర్తించాలి.

చేతిలోనే ఉన్న వనరులు

ఇందుకు కావలసిన నైపుణ్యం దూరంలో లేదు. తిరుపతిలో ఎస్వీ వైద్య కళాశాల, రుయా ఆసుపత్రి, స్విమ్స్, ఎస్వీ విశ్వవిద్యాలయం, ఐసర్ ఉన్నాయి. సమీపంలోని గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన సంస్థ గాలిలోని సూక్ష్మధూళిపై పరిశోధిస్తోంది. సరస్సుకు ఆవలి ఒడ్డునే శ్రీహరికోట అంతరిక్ష కేంద్రం ఉంది. వైద్యుడి వద్ద రోగి వివరాలున్నాయి, వాతావరణ శాస్త్రవేత్త వద్ద గాలి వివరాలున్నాయి. ఈ రెంటినీ ఒకచోట చేర్చే యంత్రాంగమే కావాలి.

మొదటి అడుగుకు భారీ నిధులూ అక్కర్లేదు. ఐజాక్ పద్ధతిలో ఒక కేంద్రానికి ఒక్కో వయోవర్గంలో సుమారు 3,000 మంది పిల్లలుంటే చాలు. సూళ్లూరుపేట, తడ, దొరవారిసత్రం, చిట్టమూరు, వాకాడు మండలాల పాఠశాలల్లో 8, 9 తరగతుల నుంచి ఆ పని ప్రారంభించవచ్చు. ప్రశ్నల్లో ఉబ్బసం అన్న మాటకు బదులు పిల్లికూతలు, ఆయాసం, రాత్రి దగ్గు వంటి ఇంటిమాటలు వాడాలి. ఉబ్బసం పేరెత్తితే ఆడపిల్ల పెళ్లికి ఆటంకమని దాచే ఇళ్లు ఇంకా ఉన్నాయి. తేలిన ఫలితాన్ని ఆ ఊరి సభలోనే చెప్పాలి.

లెక్కతో పాటు మందూ అందాలి. ఆయాసం వచ్చినప్పుడు తాత్కాలిక ఉపశమనమిచ్చే పఫ్ ఒక్కదానిపైనే ఆధారపడరాదని అంతర్జాతీయ మార్గదర్శకాలు 2019 నుంచి హెచ్చరిస్తున్నాయి. వాపు తగ్గించే బుడెసొనైడ్ ఇన్‌హేలర్ 2022 నాటి జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉంది. ఇన్‌హేలర్‌కు అలవాటు పడిపోతారన్న భయం నిరాధారం. ఏటా మృగశిర కార్తెకు చేపప్రసాదం కోసం హైదరాబాద్‌లో బారులు తీరే వేలమందిని చూస్తే ఊపిరి కోసం జనం ఎంత దూరమైనా వెళ్తారని అర్థమవుతుంది. వారి ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో సరైన నిర్ధారణ, నెలనెలా ఇన్‌హేలర్ దొరకాలి. అందుకు ఎన్ని ఇన్‌హేలర్లు కావాలో జిల్లా యంత్రాంగం తేల్చుకోవాలన్నా ముందుగా ఈ తీరంలో పిల్లికూతలున్న పిల్లల సంఖ్య తెలియాలి. వచ్చే విద్యా సంవత్సరంలో పాఠశాల ఆరోగ్య పరీక్షలతో పాటే ఈ సర్వే చేపడితే పులికాట్‌కు తొలి లెక్క చేతికొస్తుంది.