ఫోనులో గుర్తింపు: తాళంచెవి ఎవరి చేతిలో?

మనిషి తానెవరో నిరూపించుకోవటానికి ఒకప్పుడు ఊరివారి మాట చాలేది. తర్వాత కాగితం వచ్చింది, ఆ తర్వాత కార్డు వచ్చింది. ఇప్పుడు ఆ కార్డు కూడా జేబులో నుంచి ఫోనులోకి చేరుతోంది. కాజీపేటలో రైలెక్కే విద్యార్థి టీసీకి ఫోనులోని ఆధార్‌ను చూపుతున్నాడు. హన్మకొండ చౌరస్తాలో పోలీసులు బండి ఆపితే యువకులు లైసెన్సును ఫోనులోనే తెరిచి చూపుతున్నారు. కేంద్ర ప్రభుత్వ డిజిలాకర్ 2015లో మొదలైంది. మన రాష్ట్ర రవాణా శాఖ 2016లో ఎం-వాలెట్ యాప్‌ను ప్రవేశపెట్టింది. 2018లో రైల్వే శాఖ డిజిలాకర్‌లోని ఆధార్, లైసెన్సులను ప్రయాణికుల గుర్తింపుగా అంగీకరించింది. అదే సంవత్సరం మోటారు వాహనాల నిబంధనలను కూడా ఎలక్ట్రానిక్ పత్రాలు చెల్లేలా సవరించారు.

ఇది సౌకర్యమే, సందేహం లేదు. అయితే ఈ సౌకర్యం ఇంట్లో అందరికీ సమానంగా అందుతోందా అన్నది ప్రతి కుటుంబ పెద్దా వేసుకోవలసిన ప్రశ్న.

ముందుగా ఒక తేడాను గ్రహించాలి. దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) ఇతర దేశాల పాలకులకు లేఖలు పంపదలచినప్పుడు, ముద్ర లేని లేఖను వారు స్వీకరించరని సహచరులు విన్నవించారు. అప్పుడు ఆయన వెండి ఉంగరం చేయించి, దానిపై ముద్ర చెక్కించారు. లేఖ ఎవరి నుంచి వచ్చిందో నిరూపించేది ఆ ముద్రే. ఫోనులోని పత్రానికీ ఇదే సూత్రం వర్తిస్తుంది. కార్డుకు ఫోటో తీసి దాచుకుంటే అది ముద్ర లేని లేఖ వంటిది. డిజిలాకర్‌లోని ‘ఇష్యూడ్ డాక్యుమెంట్స్’ విభాగంలోకి, జారీ చేసిన శాఖ నుంచే నేరుగా వచ్చే పత్రం ముద్ర ఉన్న లేఖ వంటిది. అసలు పత్రంతో సమానమైన విలువ దీనికే ఉంది. మనమే స్కాన్ చేసి ఎక్కించుకున్న కాపీని రైల్వే శాఖ గుర్తింపుగా ఒప్పుకోదు. ఇక వాట్సాప్‌లో పంపే ఆధార్ ఫోటో ఎన్ని చేతులు మారుతుందో ఎవరూ చెప్పలేరు. కాపీ పంపక తప్పనప్పుడు చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే ‘మాస్క్‌డ్ ఆధార్’ను పంపటం మేలు.

ఆ ఉంగరం దైవప్రవక్త (సఅసం) చేతికే ఉండేది. ఆయన తర్వాత హజ్రత్ అబూబకర్ (రజి), హజ్రత్ ఉమర్ (రజి), హజ్రత్ ఉస్మాన్ (రజి)ల చేతికి వరుసగా వచ్చింది. బాధ్యత ఎవరిదో ముద్ర కూడా వారి చేతిలోనే ఉండేది. మరి మన ఇళ్లలో ఈ కొత్త ముద్ర ఎవరి చేతిలో ఉంది? డిజిలాకర్ ఖాతా తెరవాలన్నా, ఆధార్‌ను దిగుమతి చేసుకోవాలన్నా, ఆధార్‌లో నమోదైన మొబైల్ నంబరుకే ఓటీపీ వస్తుంది. అంటే ఆ నంబరే తాళంచెవి. అమ్మీజాన్ ఆధార్‌కు గల్ఫ్‌లో ఉన్న కొడుకు నంబరు ఉంటుంది. భార్య ఆధార్‌కు భర్త నంబరు, పెళ్లయి వెళ్లిన కూతురి ఆధార్‌కు ఇంకా తండ్రి నంబరే ఉంటాయి. కొడుకు విదేశానికి వెళ్లాక పాత సిమ్‌కు రీఛార్జి చేయటం మానేస్తే ఆ నంబరు రద్దవుతుంది. రద్దయిన నంబరును 90 రోజులు గడిచాక మరొకరికి కేటాయించవచ్చు. అప్పుడు తల్లి తాళంచెవి ఒక అపరిచితుడి చేతిలో పడినట్లే.

“అన్నీ మేమే చూసుకుంటున్నాం కదా, ఆడవారికి వేరే నంబరు ఎందుకు?” అని కొందరు అంటారు. చూసుకునేవాడు ఉన్నంతకాలం ఇబ్బంది తెలియదు. భర్త మరణించి, ఇద్దత్ ముగించుకున్న స్త్రీ పింఛను కోసం దరఖాస్తు చేయబోయిన రోజున తెలుస్తుంది. దంపతుల మధ్య స్పర్థ వచ్చి, భార్య తన సర్టిఫికెట్లు తానే తెరవలేని రోజున తెలుస్తుంది. ఇతరుల గుర్తింపు మన దగ్గర ఉంటే అది అమానతే గాని మన సొత్తు కాదు. ఓటీపీ అందుకోవటానికి స్మార్ట్‌ఫోనే అక్కరలేదు, బటన్ల ఫోను చాలు. ఆధార్ కేంద్రానికి తీసుకువెళ్లి వారి సొంత నంబరును నమోదు చేయించటం ఒక పూట పని.

మన కుటుంబాలకు ప్రత్యేకమైన చిక్కు మరొకటి ఉంది. అది పేరు. ఉర్దూలో మీమ్, హే, మీమ్, దాల్ అనే నాలుగు అక్షరాలతో రాసే పవిత్ర నామం, ఇంగ్లీషులోకి వచ్చేసరికి ఒక కార్డులో మొహమ్మద్, ఇంకొక కార్డులో మహమ్మద్, మూడో దానిలో ఎండీ అవుతోంది. షేక్ అన్నది ఎస్కే అవుతోంది. ఒకే స్త్రీ పేరు చివర ఒకచోట బేగం, మరొకచోట బీ అని ఉంటుంది. కౌంటరు దగ్గర కూర్చున్న మనిషికి ఇవన్నీ ఒకటేనని తెలుసు, యంత్రానికి తెలియదు. డిజిలాకర్‌లోకి పాన్ కార్డును తెచ్చుకోవాలంటే దానిలోని పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో సరిపోవాలి. కనుక బిడ్డ జనన ధ్రువపత్రం నాడే ఒక వర్ణక్రమాన్ని నిర్ణయించుకుని, ఆధార్‌లోనూ, బడిలోనూ, పదో తరగతి మెమోలోనూ దానినే కొనసాగించాలి.

చివరగా, ఫోను వచ్చిందని కార్డులను పారవేయకూడదు. హజ్రత్ ఉస్మాన్ (రజి) కాలంలో ఆ వెండి ఉంగరం మదీనాలోని అరీస్ బావిలో పడిపోయింది. మూడు రోజులు వెతికినా దొరకలేదు. అంతటి వస్తువే చేజారినప్పుడు మన ఫోను ఎంత? ఛార్జింగ్ అయిపోవచ్చు, తెర పగలవచ్చు, బస్సులో దొంగ చేతికి పోవచ్చు. ఫోను పోతే ముందు సిమ్‌ను నిలిపివేయించి, అదే నంబరుతో కొత్త సిమ్ తీసుకోవాలి. సీఈఐఆర్ పోర్టల్‌లో ఫోనును బ్లాక్ చేయించాలి. నంబరు మనదైతే డిజిలాకర్‌లోని పత్రాలు కొత్త ఫోనులోనూ తెరుచుకుంటాయి. నంబరు మనది కాకపోతే ఇంట్లోని కార్డే దిక్కు.

ఈ శుక్రవారం మగ్రిబ్ నమాజు తర్వాత ఇంటిల్లిపాదీ కూర్చోండి. ఒక్కొక్కరి ఆధార్ తీసి, అందులో ఎవరి నంబరు ఉంది, పేరు ఎలా ఉంది అన్నది కాగితంపై రాయండి. అమ్మీజాన్ కార్డుతో మొదలుపెట్టండి.