ముఖాన్ని తాకే చేయి

వేలూరు నుండి గుడియాత్తం వెళ్ళే దారికి మన వైద్య చరిత్రలో ఒక స్థానం ఉన్నది. 1900లో వేలూరులో ఒక చిన్న వైద్యశాలను ప్రారంభించిన డాక్టర్ ఐడా స్కడర్, తరువాతి కాలంలో వారం వారం ఆ దారిన గుడియాత్తానికి ప్రయాణమయ్యేవారు. చెట్ల నీడలలో రోగులు గుమిగూడి ఆమె కొరకు ఎదురుచూచేవారు. పుండ్లతో, చర్మవ్యాధులతో బాధపడేవారు వారిలో ఎందరో ఉండేవారు. బండి ఆగిన చోటే వైద్యశాల. పుండు కడిగి, మందు రాసి, కట్టు కట్టడం ఆ బాట మీద జరిగిన గొప్ప సేవ.

నేడు ఆ రెండు ఊళ్ళలోనూ ప్రజల చర్మాన్ని తాకే చేతులు మరికొన్ని ఉన్నవి. అవి క్షౌరశాలలలోను, బ్యూటీ పార్లర్లలోను పనిచేసేవారి చేతులు. వైద్యుని వద్దకు ఏడాదికొకసారి కూడా పోనివారు క్షౌరశాలకు నెలనెలా పోతారు. పెళ్ళి కుదిరిన ఇంట పార్లరుకు పోవడం నేడు మామూలైపోయింది. అందుచేత ఈ వృత్తివారి శుభ్రత వారి సొంత విషయం మాత్రమే కాదు; అది ఊరి ఆరోగ్యంలో ఒక భాగం. ముఖాన్ని తాకే వృత్తిలో మొదటి విద్య కత్తిరించడమూ కాదు, రంగు పూయడమూ కాదు. చేతులు కడుక్కోవడమే మొదటి విద్య.

మొటిమలనే తీసుకొందాం. యౌవనంలో శరీరంలోని హార్మోనుల ప్రభావం వల్ల చర్మం క్రింది తైలగ్రంథులు ఎక్కువ జిడ్డును స్రవిస్తాయి. ఆ జిడ్డు, రాలిపోవలసిన చర్మకణాలు కలిసి రోమకూపాన్ని మూసివేస్తాయి. ఎప్పుడూ చర్మం మీదనే నివసించే ఒక రకం సూక్ష్మక్రిములు అందులో పెరుగుతాయి. అప్పుడు వాపు, ఎరుపు, చీము పుడతాయి. మొటిమ మురికి వల్ల వచ్చేది కాదు. ఒకరి నుండి ఒకరికి అంటుకొనేదీ కాదు. నల్లగా కనిపించే మొటిమ మొనలో ఉన్నది కూడా మట్టి కాదు. కనుక మొటిమలున్న పిల్లలను చూచి 'ముఖం కడుక్కోవా?' అని ఎగతాళి చేయడం అన్యాయం.

మొటిమ అంటదు, కాని దానిని చిదిమిన వ్రేలు, పొడిచిన సూది మాత్రం వేరే క్రిములను అంటించగలవు. కడగని చేతితో నొక్కితే చీము లోపలికి చెదరి, మాయని మచ్చ మిగులుతుంది. గరుకు పొడులతో రుద్దడం వాపును పెంచుతుంది. నుదుటి మీదికి కారే తలనూనె కూడా రోమకూపాలను మూయగలదు. రోజుకు రెండుమార్లు తేలికపాటి సబ్బుతో కడుక్కొని, వైద్యులు చెప్పిన మందును కొన్ని వారాలు ఓపికగా వాడడమే దీనికి తగిన మార్గం. చీముగడ్డలతో నిండిన ముఖాన్ని చూచినప్పుడు 'ఇది నా పని కాదు, వైద్యునికి చూపండి' అని చెప్పగలగడం పనితనానికి లోటు కాదు. అదే నిజమైన పనితనం.

ముఖం త్వరగా తెల్లబడుతుందని చెప్పి స్టెరాయిడ్ కలిసిన లేపనాలను రాయడం మరొక దురాచారం. వాటి వల్ల చర్మం పలుచబడుతుంది. మొటిమలు మరింత పెరుగుతాయి. వైద్యుని చీటీ లేకుండా ఇటువంటి పలు లేపనాలను అమ్మరాదని 2018లో కేంద్ర ప్రభుత్వం నిబంధన విధించింది. అంగడిలో అమ్మరానిదాన్ని పార్లరులో పూయవచ్చునా?

ఇక రక్తం మాట. 1986లో చెన్నైలో సేకరించిన రక్తాన్ని వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో పరీక్షించినప్పుడే మన దేశంలో హెచ్.ఐ.వి. ఉన్నదని తొలిసారి తెలిసింది. క్షౌరశాలలో 'కొత్త బ్లేడు వేయండి' అని అడగడం ఆ తరువాతి కాలంలో వాడుకలోకి వచ్చింది. అది మంచి అలవాటే. అయితే బ్లేడు విషయంలో అంతకంటె ఎక్కువగా భయపడవలసినది కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్-బి. ఆ క్రిమి ఎండిన రక్తపు మరకలో సైతం కనీసం ఏడు రోజులు బ్రతికి ఉండగలదు. బ్లేడు మార్చి, గాటు మీద అందరికీ ఒకే పటికరాయి రుద్దితే ఏమి ప్రయోజనం? అందరికీ ఒకే తువాలు వాడడం, కనుబొమలు దిద్దే దారాన్ని పళ్ళతో పట్టడం కూడా మానుకోవలసిన అలవాట్లే.

'చిన్న అంగడి వారికి ఇంత ఖర్చు సాధ్యమా?' అని కొందరు అడుగుతారు. ఆ ప్రశ్నలో న్యాయం ఉన్నది. పాలారు ఎండిపోయే వేలూరు సీమలో నీటికే కరవు. కాని సబ్బుబిళ్ళ, మనిషికొక అరబ్లేడు, ఉతికి ఎండబెట్టిన తువాలు పెద్ద ఖర్చు కావు. పరికరాలను ముందు సబ్బునీటితో రుద్ది కడిగి, పిదప మరిగే నీటిలో ఇరవై నిమిషాలు ఉంచడానికి కావలసినది ఒక గిన్నె, ఒక పొయ్యి. నీటి వసతి కల్పించడం, ఈ పనివారికి హెపటైటిస్-బి టీకా వేయించడం పురపాలక సంఘాల బాధ్యత. ఈ విద్య నేర్పే శిక్షణాలయాలు కూడా మొదటి పాఠంగా శుభ్రతనే నేర్పాలి.

1847లో వియన్నా నగరంలో సెమ్మెల్‌వైస్ అనే వైద్యుడు, ప్రసవాల వార్డులోకి పోయే ముందు చేతులు కడుక్కోవాలని తోటి వైద్యులకు చెప్పాడు. బాలింతల మరణాలు ఎంతో తగ్గాయి. అయినా పెద్ద పెద్ద వైద్యులు ఆ మాటను చిన్నతనంగా భావించి త్రోసిపుచ్చారు. అంత చదివినవారే తడబడిన చోట, చిన్న అంగడిలో పనిచేసేవారిని మాత్రమే నిందించడం తగదు. వారికి నేర్పాలి, వసతి కల్పించాలి. కుర్చీలో కూర్చున్నవారు కూడా మొహమాటపడక అడగాలి. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనేకంటె, ముఖాన్ని తాకే ముందే చేతులు కడుక్కోవడం మేలు కదా!