పాత పికప్పునకు పవర్ స్టీరింగు

మిర్యాలగూడ మిల్లులకు ధాన్యము తోలు పాత పికప్పులు మన సభ్యులలో ననేకులకు గలవు. సాగరు ఎడమ కాలువ గట్టుపై నిండు బరువుతో మలుపు తిరుగునపుడు భుజములు పీకుచున్నవని పలువురు పవర్ స్టీరింగు గేరుబాక్సు వేయింప నెంచుచున్నారు. మంచిదే. అయితే ముందుగా టైర్ల గాలియు, కింగుపిన్నుల గ్రీజును చూచుకొనవలెను. పెక్కుమార్లు దోషమచ్చటనే యుండును.

కోదాడ ప్రాంతమున నొక రైతు పాత సామాను అంగడిలో చవుకగా దొరికినదని వేరొక బండి బాక్సును బిగింపించెను. బోల్టులు చక్కగా సరిపోయినవి. స్టీరింగు కుడికి త్రిప్పగా బండి యెడమకు పోయెను! పిట్మన్ ఆర్ము కదలు దిశ వ్యతిరేకమని యప్పుడు తెలిసినది. దొడ్డిలోనే జరిగినది గనుక గడ్డివామి మాత్రమే చెదరెను. సూర్యాపేట దారిలో 65వ జాతీయ రహదారిపై నయినచో ఏమగునో చెప్పనక్కరలేదు.

కావున పాత బాక్సును విప్పించి వెంటగొనిపోయి, పిట్మన్ ఆర్ము పండ్లను, స్టీరింగు కడ్డీ పండ్లను, ఈ కొననుండి ఆ కొనకు తిరుగు చుట్లను సరిపోల్చవలెను. పంపు పీడనము హెచ్చైన సీళ్లు చెడును; నూనె ప్రవాహము చాలకున్న వేగముగా త్రిప్పునపుడు స్టీరింగు బిగియును. ఇంజనువద్ద పంపునకు పుల్లీయు, చోటును లేకయే బాక్సు కొనుట ఎద్దులు లేక కాడి కొనుట వంటిది.

చట్రమునకు వెల్డింగు చేసి యతికింతుమను మెకానిక్కులను మేము నమ్మము. అదే నమూనా బండిని కర్మాగారమువారు పవర్ స్టీరింగుతో నమ్మియున్నచో, ధర హెచ్చైనను, బాక్సు, పంపు, గొట్టములు మూడును ఆ బండివే కొనుడు.